ఐదు గంటల దూరం

కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక సోదరుడు అసర్ నమాజు అయ్యాక పుంగనూరులో మస్జిదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపాడు. వాళ్లది మదనపల్లె. అత్తవారింటికి వచ్చి ఉన్నాడు. సలాము చెప్పి, కాస్త తటపటాయించి అడిగాడు: "హజ్రత్, ఒక మాట అడిగితే తప్పుగా అనుకోరు కదా! బెంగళూరు నుంచి కువైట్‌కు విమానంలో ఐదు గంటలు. చల్లటి గాలి, మెత్తటి సీటు, భోజనం కూర్చున్న చోటికే వస్తుంది. అయినా దారిలో నేను నాలుగు రకాతుల నమాజును రెండే చేయాలంటారు. మా అన్న మదనపల్లె టమోటా మార్కెట్లో తెల్లవారుజాము నుంచి క్రేట్లు మోస్తాడు. జుహర్ వేళకు ఆయనకు నడుము నిలబడదు. ఆయన మాత్రం నాలుగూ చేయాలి. కష్టం ఆయనది, రాయితీ నాది. ఇదెలా న్యాయం?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అన్న మీద ప్రేమ ఉంది, తనకు దక్కినదాని పట్ల సిగ్గు ఉంది. అప్పటికి మేము ఫిఖహ్ గ్రంథాల్లో ఉన్న జవాబు చెప్పాం. అతను తల ఊపి వెళ్లాడు. కాని ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అది రకాతుల లెక్కతో తీరిపోయే ప్రశ్న కాదు. దూరం అంటే ఏమిటి, దాన్ని మైళ్లతో కొలవాలా, గంటలతో కొలవాలా అన్న చిక్కు దానిలో ఉంది. కొన్ని నెలల తర్వాత ఆ ఇంట్లోనే జరిగిన ఒక సంఘటన వల్ల ఆ చిక్కు మాకు మరోలా అర్థమైంది. ముందు మస్అలా చూద్దాం.

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 101వ ఆయతులో, భూమిపై ప్రయాణం చేసేటప్పుడు నమాజును తగ్గించుకోవడంలో దోషం లేదని అల్లాహ్ తెలియజేశాడు. ఆ ఆయతులో శత్రువుల వల్ల కలిగే భయం ప్రస్తావన కూడా ఉంది. మరి భయం తొలగి, జనం నిశ్చింతగా ఉన్నాక కూడా ఈ రాయితీ ఎందుకు నిలిచి ఉంది? ఈ సందేహం హజ్రత్ ఉమర్ (రజి)కే వచ్చింది. ఆయన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)ను అడిగారు. అది అల్లాహ్ మీకు చేసిన దానమనీ, ఆయన దానాన్ని స్వీకరించమనీ ప్రవక్త (స) సెలవిచ్చారని సహీహ్ ముస్లింలో ఉంది. కారణం పోయింది కదా, రాయితీ ఎందుకు అని అడగడం విమానాలతో మొదలైనది కాదన్నమాట.

హనఫీ ఫిఖహ్‌లో ప్రయాణపు హద్దు మూడు రోజుల దూరం. ఒంటె నడకతోనో మనిషి నడకతోనో, మధ్యస్థమైన వేగంతో, విశ్రాంతి తీసుకుంటూ మూడు రోజుల్లో చేరే దూరం. మన దేశపు హనఫీ ఉలమా దీన్ని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా నిర్ణయించారు. ఈ లెక్కన మదనపల్లె మనిషి పుంగనూరుకు వస్తే ముసాఫిర్ కాడు. మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల దరిదాపు. అదే మనిషి పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటుకుని కుప్పం వెళితే దూరం వంద కిలోమీటర్లు మించుతుంది. తన ఊరి పొలిమేర దాటిన క్షణం నుంచే అతను ముసాఫిర్. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందా, నిలబడి వెళ్లాడా అని షరీఅత్ అడగదు.

ఎందుకు అడగదు? మా ఉస్తాదులు మద్రసాలో దీన్ని 'ఇల్లత్', 'హిక్మత్' అనే రెండు మాటలతో చెప్పేవారు. ఆదేశం దేని మీద ఆధారపడి నిలుస్తుందో అది ఇల్లత్. ఆదేశం వెనుక ఉన్న మేలు హిక్మత్. ఖసర్ వెనుక ఉన్న మేలు, ప్రయాణికుడి మీద భారం తగ్గించడం. కాని కష్టానికి కొలబద్ద లేదు. ఒకరికి నిద్రపట్టకపోవడమే కష్టం, మరొకరికి రాళ్ల మీద పడుకున్నా సుఖమే. ప్రతి మనిషీ తన కష్టాన్ని తానే తూచుకుని రకాతులు నిర్ణయించుకునేటట్లయితే నమాజు ఎవరి ఇష్టం వారిదవుతుంది. అందుకని అందరూ చూడగలిగే, కొలవగలిగే గుర్తు మీద ఆదేశాన్ని నిలిపారు. ఆ గుర్తు దూరం. మన దేశంలో ఓటు హక్కు 18 ఏళ్లకు వస్తుంది. కావలసింది వివేకమే అయినా కొలిచేది వయసునే. పదిహేడేళ్ల తెలివైన కుర్రవాడికి ఓటు లేదు, ఎనభై ఏళ్ల మతిమరుపు మనిషికి ఉంది. దాన్ని అన్యాయమని ఎవరూ అనరు.

మరి టమోటా మార్కెట్లో బరువులు మోసే అన్న సంగతి? ఆయనను షరీఅత్ మరచిపోలేదు. ఆయన కష్టానికి మందు నమాజును తగ్గించడం కాదు, నెత్తిమీది బరువును తగ్గించడం. పనివారి మీద వారి శక్తికి మించిన భారం మోపవద్దనీ, మోపితే మీరు కూడా చేయి వేయాలనీ దైవప్రవక్త (స) యజమానులకు ఆదేశించారు. మండీ యజమాని జుహర్‌కు పావుగంట విడుపు ఇస్తే ఆ నాలుగు రకాతులు ఆయనకు బరువు కావు, అవే విశ్రాంతి అవుతాయి. తన వంతు బాధ్యత నెరవేర్చని యజమాని పాపాన్ని మనం నమాజు ఖాతాలో రాయకూడదు.

ఇంతవరకూ ఉన్నది పాత జవాబే. అయితే మా ఉస్తాదులు దాచని ఒక మాట మేమూ దాచకూడదు. హిజ్రీ తొమ్మిదవ శతాబ్దపు హనఫీ పండితులు ఇబ్నుల్ హుమామ్ (రహ్మ) ఒక విచిత్రమైన సమస్య లేవనెత్తారు. వలీలలో ఒకరికి అల్లాహ్ కరామత్‌గా భూమిని మడిచి ఇచ్చి, మూడు రోజుల దూరాన్ని కొద్ది ఘడియల్లో దాటించాడనుకోండి. ఆయన ఖసర్ చేయాలా? దూరాన్ని బట్టి చూస్తే చేయాలి. కాని కష్టపడే అవకాశమే లేనప్పుడు రాయితీ నిలుస్తుందన్నది ఆయనకు మింగుడుపడలేదు. రైలు గాని, విమానం గాని కలలోకి కూడా రాని కాలంలో ఒక ఫఖీహ్ వలీల కరామత్ గురించి అడిగిన ప్రశ్న, ఇవాళ చేతిలో టికెట్ ఉన్న ప్రతి కూలివాడి ప్రశ్న అయింది! రైళ్లు, విమానాలు వచ్చాక మన దేశపు ఉలమా దూరమే ఆధారమని ఫత్వా ఇచ్చారు, ఆచరణ దాని మీదనే ఉంది. అయినా ఇబ్నుల్ హుమామ్ (రహ్మ) సందేహం మా మనసులో చిన్న ముల్లులా ఉండిపోయింది. ప్రయాణంలో కష్టం నిజంగానే పోయిందా?

కష్టం మాట తర్వాత చూద్దాం. దూరాన్ని గంటలతో కొలిస్తే ఏమవుతుందో ముందు చూడండి. బెంగళూరు నుంచి కువైట్‌కు ఆకాశమార్గాన సూటిగా దాదాపు 3,500 కిలోమీటర్లు. దుబాయికి 2,700, జిద్దాకు 4,200 దరిదాపు. ఉదయం 5 గంటలకు బెంగళూరులో ఎగిరిన విమానం సుమారు ఐదు గంటలు ప్రయాణించి కువైట్‌లో దిగితే అక్కడి గోడ గడియారం ఏడున్నర చూపిస్తుంది, ఎందుకంటే అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. టికెట్ మీద అంకెలు మాత్రమే చదివే పల్లెటూరి తల్లి, నా కొడుకు రెండున్నర గంటల్లో చేరాడు అనుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు పైగాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది గనుక విమానం కొంత తొందరగానే, నాలుగున్నర గంటల్లో వస్తుంది. కాని టికెట్ మీద ఏడు గంటలు కనిపిస్తుంది. అదే ఆకాశం, అవే రెండు ఊర్లు. పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఏడు. ఇంతకంటే పెద్ద ఉదాహరణ కావాలంటే, 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 14,000 కిలోమీటర్లు ప్రయాణించి జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. గాలిలో ఉన్నది దాదాపు 17 గంటలు. క్యాలెండరులో మాత్రం వారి పదవ తేదీ ఎక్కడ పోయిందో వెతుక్కోవలసిందే. గడియారం చెప్పే దూరం ఇలాంటిది. మైలు రాయి మాత్రం పోయేవాడికీ వచ్చేవాడికీ ఒకటే మాట చెబుతుంది.

సబా సూరాలో ఈ విషయానికి దగ్గరి రెండు సంగతులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 12వ ఆయతులో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం)కు అల్లాహ్ గాలిని వశం చేసిన విషయం ఉంది. ఉదయపు గమనంలో ఒక నెల ప్రయాణం, సాయంత్రపు గమనంలో ఒక నెల ప్రయాణం. వేగం దైవానుగ్రహమే అనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? విమానాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కొద్ది ఆయతుల తర్వాత, 18, 19 ఆయతుల్లో సబా జాతి ప్రస్తావన. వారి ఊర్ల మధ్య మజిలీలను అల్లాహ్ దగ్గర దగ్గరగా ఏర్పరచాడు. రాత్రీ పగలూ నిర్భయంగా తిరగమన్నాడు. వారికి ఆ సౌఖ్యం మొహం మొత్తింది. మా ప్రయాణాల మధ్య దూరాన్ని పెంచమని వారే కోరుకున్నారు. ఆ తర్వాత వారు చెల్లాచెదురై కథలుగా మిగిలిపోయారు. చిన్నప్పుడు ఈ ఆయతులు చదివినప్పుడు, ఎవరైనా దూరం కావాలని దుఆ చేస్తారా అని మాకు ఆశ్చర్యం వేసేది. ఇప్పుడు వేయడం లేదు. దగ్గరితనం చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడం కూడా నోరు విప్పని అలాంటి దుఆయే కదా అనిపిస్తుంది.

మా ప్రాంతం పెద్దలు హజ్‌కు వెళ్లిన తీరు గుర్తు చేసుకోండి. మదనపల్లెకు కొంత దూరంలో ఉన్న మదనపల్లె రోడ్ స్టేషనులో మీటర్ గేజ్ రైలు ఎక్కేవారు, కుప్పం వైపువారు బెంగళూరు లైను పట్టుకునేవారు. రైళ్లు మారి బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో ఎదురుచూసి, ఓడ ఎక్కి, వారం పది రోజులు సముద్రం మీద ఊగి జిద్దా చేరేవారు. ఆ హజ్ ఓడల ప్రయాణం 1995 వరకు సాగింది. బయలుదేరే ముందు వారు ఏం చేసేవారో మా ఇళ్లల్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఉన్న అప్పులు తీర్చేవారు. దగ్గర ఉన్న అమానతులు ఎవరివి వారికి అప్పగించేవారు. భార్యాబిడ్డలకు తిరిగి వచ్చేవరకు సరిపడా గింజలూ డబ్బూ ఉంచేవారు. గొడవపడిన పక్కింటివాడి గడప తొక్కి, మాట అన్నానేమో మాఫ్ చెయ్యి అనేవారు. ఊరంతా పొలిమేర దాకా వచ్చి సాగనంపేది. తిరిగి వస్తారో రారో ఎవరికీ తెలియదు గనుక, అది చివరి చూపు అన్నట్లే చూసుకునేవారు.

ఇవన్నీ ఆ రోజుల ఆచారాలు కావు, ప్రయాణానికి షరీఅత్ నేర్పిన మర్యాదలు. వసీయతు చేయవలసింది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి తన దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదని హదీసు. ఇంట్లో ఉన్నవాడికే ఈ తాకీదు ఉంటే సముద్రం దాటేవాడి మాట చెప్పాలా? ఇవాళ మన పిల్లలు మదనపల్లె నుంచి పుంగనూరు సంతకు పోయినట్లు కువైట్ పోతున్నారు. అప్పు కాగితం ఎక్కడుందో భార్యకు తెలియదు. అన్నదమ్ముల మధ్య స్థలం పంపకం మాట తేలదు. అడిగితే "ఐదు గంటలే కదా హజ్రత్, పని పడితే వచ్చేస్తా" అంటారు.

పని పడితే ఐదు గంటల్లో రాగలరా? లెక్క వేద్దాం. ముందు యజమాని సెలవు ఇవ్వాలి. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవారూ మగవారూ ఎందరికో పాస్‌పోర్టు తమ చేతిలో ఉండదు, అది అడిగి తీసుకోవాలి. 2025 జూలై 1 నుంచి కువైట్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. టికెట్ దొరకాలి, చివరి నిమిషంలో దాని ధర రెండు నెలల జీతం కావచ్చు. విమానాశ్రయానికి మూడు గంటల ముందు చేరాలి. దిగాక వరుసలో నిలబడాలి, సామాను కోసం నిలబడాలి. 2008లో బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లికి మారడం మన వైపువారికి కొంత మేలే చేసింది. అయినా అక్కడి నుంచి చింతామణి మీదుగా మదనపల్లె చేరడానికి రెండున్నర మూడు గంటల రోడ్డు ఉంది. ఐదు గంటలు అనేది రెండు రన్‌వేల మధ్య దూరం. మనిషికీ అతని అమ్మకూ మధ్య దూరం కాదు.

ఇక్కడే ఇబ్నుల్ హుమామ్ (రహ్మ) ముల్లు మాకు కాస్త కదిలింది. ప్రయాణం యాతనలో ఒక తునక అనీ, అది మనిషిని నిద్రాహారాలకు దూరం చేస్తుందనీ, పని ముగియగానే ఇంటికి త్వరపడాలనీ దైవప్రవక్త (స) చెప్పారని బుఖారీ, ముస్లింలలో ఉంది. సీటు మెత్తబడింది, నిజమే. యాతన మాయం కాలేదు, చోటు మార్చుకుంది. దారిలో ఉండవలసిన బరువు వెళ్లి ఇంటి దగ్గర ఎదురుచూసేవారి మీద కూర్చుంది. పూర్వం ప్రయాణమే కష్టం గనుక మనిషి వెళ్లేముందు నూరుసార్లు ఆలోచించేవాడు. ఇప్పుడు వెళ్లడం సులభం గనుక ఆలోచించకుండా వెళుతున్నాడు, రావడం సులభం అనుకుని రావడం లేదు. సైనికులు భార్యలకు ఎంతకాలం దూరంగా ఉండవచ్చని హజ్రత్ ఉమర్ (రజి) తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, ఆమె జవాబును బట్టి గడువు పెట్టారన్న రివాయతు ప్రసిద్ధం. ఆ గడువు నాలుగు నెలలని కొన్నిట్లో, ఆరు నెలలని కొన్నిట్లో ఉంది. అది గుర్రాల కాలం. విమానాల కాలంలో మన ఒప్పందాలు రెండేళ్లు!

ఇలా రాస్తున్నామని గల్ఫ్‌లో చెమటోడ్చే సోదరులను నిందిస్తున్నామని అనుకోవద్దు. వారి సంపాదన హలాల్, వారి డబ్బుతోనే మన మస్జిదులకు సున్నం, మన పిల్లలకు ఫీజు. రాలేనివాడు వేరు. రాగలిగీ, ఎప్పుడైనా రావచ్చులే అనుకునేవాడు వేరు. మేము మాట్లాడేది ఈ రెండోవాడి గురించి.

ఇబ్ను బతూతా పేరు వినని చదువరి ఉండడు. ఆయన స్వయంగా ఫఖీహ్, ఖాజీగా పనిచేసినవాడు. 1325లో 21 ఏళ్ల వయసులో తన ఊరు తాంజియర్ నుంచి హజ్‌కు బయలుదేరాడు. 1348లో దమిష్క్ తిరిగి వచ్చినప్పుడు, తండ్రి చనిపోయి పదిహేనేళ్లయిందని అక్కడ కలిసిన ఒక మనిషి చెప్పాడు. మరుసటి సంవత్సరం సొంత దేశం చేరుతుండగా తల్లి ప్లేగు వ్యాధితో కన్నుమూసిన కబురు అందింది. ప్రపంచాన్ని చుట్టినవాడికి మిగిలింది తల్లి సమాధి దర్శనం. పదిహేనేళ్లు కబురు తెలియకపోవడం ఆయన కాలపు దూరం. మనకు కబురు క్షణంలో తెలుస్తుంది, ముఖం కూడా ఫోనులో కనిపిస్తుంది. కబురుకీ మనిషికీ మధ్య ఉన్న ఎడం మాత్రం ఎవరూ చెరపలేదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. మస్జిదు మెట్ల మీద ప్రశ్న అడిగిన సోదరుడు కువైట్ తిరిగి వెళ్లాడు. చలికాలంలో ఒకరోజు ఫజ్ర్ అయిన కాసేపటికి వాళ్ల అన్న ఫోను చేశాడు. "అబ్బా పోయారు హజ్రత్, మీరు రావాలి" అన్నాడు. మేము మదనపల్లె చేరేసరికి ఇల్లంతా జనం. కఫన్ గుడ్డ వచ్చింది. ఎవరో ఫ్రీజర్ పెట్టె తెప్పించాలంటున్నారు. అన్న చేతిలోని ఫోనులో తమ్ముడు ఏడుస్తున్నాడు: "ఆపండి భాయ్‌జాన్, నేను బయలుదేరుతున్నా, ఐదు గంటలే కదా, ఆపండి." అన్న మాట్లాడలేక ఫోను మా చేతికిచ్చాడు.

మేము తెలిసిన మస్అలానే చెప్పాం. జనాజాను త్వరగా సాగనంపమని దైవప్రవక్త (స) ఆజ్ఞ. మంచి మనిషైతే మేలు వైపు తొందరగా పంపినట్లు, కాకపోతే భుజాల మీది బరువు దించుకున్నట్లు. బంధువుల రాక కోసం ఆపి ఉంచడాన్ని ఫుఖహా మక్రూహ్ అన్నారు. ఆ ఘడియలో మొదటి హక్కు పోయినవారిది, తర్వాతే ఉన్నవారిది. "టికెట్ ఉందా బాబూ?" అని అడిగాం. చూస్తున్నానన్నాడు. "సెలవు?" అని అడిగాం. యజమాని ఇంకా లేవలేదన్నాడు. మా ఈడువాడే. ఆ జవాబులు చెబుతున్నప్పుడు అతని గొంతులో లెక్క తేలడం మాకు వినిపించింది. "సరే, కానివ్వండి" అన్నాడు చివరికి. జుహర్ తర్వాత జనాజా నమాజు అయింది, అన్నే ముందు నిలబడి చేయించాడు. మట్టి ఇచ్చేముందు ఎవరో ఫోను తీసి తండ్రి ముఖం చూపించారు. జనాజాలో ఫోటోలూ వీడియోలూ మాకు నచ్చవు, చాలాసార్లు మిన్‌బర్ మీద నుంచి కాదన్నాం కూడా. ఆరోజు మేము నోరు విప్పలేదు. సరే చేశామో లేదో అల్లాహ్‌కే తెలుసు.

తమ్ముడు మరుసటి రోజు ఉదయం పది దాటాక చేరాడు. ఇరవై ఎనిమిది గంటలు పట్టిందని తానే లెక్కపెట్టి చెప్పాడు. అందులో విమానం గాలిలో ఉన్నది నాలుగున్నర. ఇంటి వలీ జనాజా నమాజు చేయించాక మన మజ్‌హబ్‌లో దాన్ని మళ్లీ చేయడం లేదు. ఖబ్రస్తాన్‌కు వెళ్లి దుఆ చేశాం. తడి ఆరని మట్టి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. లేచాక మాతో అన్నమాట ఇది: "హజ్రత్, తొమ్మిదేళ్లలో మూడుసార్లు వచ్చాను. ఎప్పుడు అబ్బా గుర్తొచ్చినా ఐదు గంటలే కదా, వచ్చే నెల చూద్దాం అనుకునేవాణ్ణి. అది చాలా దూరం అనుకుని ఉంటే ఇంకా ఎక్కువసార్లు వచ్చేవాణ్ణేమో."

మేము జవాబు చెప్పలేదు. షరీఅత్ ఆ దారిని గంటల్లో కాకుండా మైళ్లలో ఎందుకు లెక్కించిందని అతనే ఒకనాడు అడిగాడు. అప్పుడు మేము చెప్పినదానికంటే ఇప్పుడు అతను అన్నదే సరైన జవాబు.

ఇంటికి నడుస్తూ, ఇప్పుడు అబ్బాకు నేను చేయగలిగింది ఏముందని అడిగాడు. అప్పుంటే తీర్చు, దుఆ చెయ్యి, దానం చెయ్యి అన్నాం. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) సంగతి కూడా చెప్పాం. ఆయన మక్కా దారిలో వెళుతుండగా ఒక పల్లెటూరి అరబ్బు ఎదురయ్యాడు. ఆయన తాను ఎక్కిన గాడిదనూ, తలపాగానూ అతనికి ఇచ్చేశారు. పక్కనున్నవారు, వీళ్లు కొంచెం ఇచ్చినా సంతోషించేవారే కదా అంటే, ఇతని తండ్రి మా నాన్న ఉమర్‌కు స్నేహితుడని చెప్పి, తండ్రి స్నేహితులను ఆదరించడం గొప్ప పుణ్యకార్యమని ప్రవక్త (స) బోధించిన విషయం గుర్తుచేశారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. వినగానే అతను, "కుప్పంలో అబ్బా దోస్తు ఒకాయన ఉన్నారు. ఇద్దరూ కలిసి చాలాకాలం రాళ్ల పని చేశారు" అన్నాడు.

అప్పుడు మాకు మరో మస్అలా గుర్తొచ్చి దారిలో చెప్పాం. మనిషి పుట్టిపెరిగి, ఇల్లు వాకిలి ఉన్న ఊరిని ఫుఖహా వతనె అస్లీ అంటారు. అతను మరో ఊరిని శాశ్వత నివాసం చేసుకుని దీన్ని వదులుకుంటే తప్ప, ఎన్నేళ్లు ఎంత దూరాన ఉన్నా ఇది రద్దు కాదు. బెంగళూరులో పది రోజులు ఉంటే అతను ముసాఫిర్, రెండు రకాతులు. కువైట్ నుంచి ఒక్కపూటకు మదనపల్లెలో దిగినా, ఉండాలన్న నియ్యత్ లేకపోయినా, పొలిమేర దాటి లోపల అడుగు పెట్టగానే ముఖీమ్, నాలుగు రకాతులు. తొమ్మిదేళ్లుగా అతను ఊరిని వదిలి ఉన్నాడు గాని ఊరు అతన్ని వదిలినట్లు షరీఅత్ ఒప్పుకోలేదు. అది విని అతను ఒక క్షణం ఆగి, మళ్లీ నడిచాడు.

మూడు రోజులు గడిచాక అతను కుప్పం నుంచి ఫోను చేశాడు. పొద్దున బస్సెక్కి, పుంగనూరు, పలమనేరు మీదుగా వచ్చానన్నాడు. అబ్బా దోస్తు స్టేషను వైపు ఒక సందులో ఉంటారట. చూపు మందగించింది. పేరు చెప్పకముందే గొంతు విని, ఫలానావాడి కొడుకువా అని చేయి పట్టుకున్నారట. ఇద్దరూ కూర్చుని మాట్లాడుతుండగా మస్జిదులో జుహర్ జమాఅత్ అయిపోయిందట. ఆయన ఇంట్లోనే చాప పరిచి ఇచ్చారు.

"ఇక్కడ నేను ఎన్ని రకాతులు చేయాలి హజ్రత్?" అని అడిగాడు.

"వందకు పైన వచ్చావు, ముసాఫిర్‌వి. రెండు చెయ్యి" అన్నాం.

"ఇషాకు ఇంటికి చేరతాను."

"అయితే అక్కడ నాలుగు" అన్నాం.